ఎనిమోన్ కుట్టిన ఉప్పునీటి చేపను బతికించుకోవడం ఎలా?

మీ తొట్టిలో చేప ఇప్పుడే, పువ్వులా కనిపిస్తూ కుట్టే సముద్ర జీవి అయిన ఎనిమోన్‌కు అతుక్కుని కొట్టుకుంటూ ఉంటే ముందు ఈ పేరా ఒక్కటే చదవండి. మిగతాది తర్వాత తీరిగ్గా చదువుకోవచ్చు. చేపను పట్టుకుని లాగకండి. లాగితే పొలుసులూ చర్మమూ ఎనిమోన్‌కే మిగిలిపోతాయి. ప్రవాహాన్ని పుట్టించే పంపులను ఆపి, గాలి పంపును మాత్రం నడవనివ్వండి. చేతికి పొడవాటి రబ్బరు తొడుగు వేసుకోండి. మందుల దుకాణంలో దొరికే పెద్ద సిరంజిని సూది లేకుండా తీసుకుని, తొట్టిలోని నీళ్లనే నింపి, చేపను పట్టుకున్న స్పర్శకాల (వేళ్లలాంటి తీగల) మొదళ్ల మీదికి మెల్లగా చిమ్ముతూ ఉండండి. నీటి తాకిడికి చాలా ఎనిమోన్‌లు ముడుచుకుని పట్టు వదులుతాయి. వదలకపోతే పలుచని ప్లాస్టిక్ కార్డును చేపకూ స్పర్శకాలకూ మధ్య అడ్డంగా జరుపుతూ విడదీయండి. సగం చేప అప్పటికే ఎనిమోన్ నోట్లోకి వెళ్లిపోయి ఉంటే, బలవంతంగా బయటికి తీసినా అది బతకడం అరుదు. అప్పుడు లాగి చింపడం కన్నా వదిలేయడమే దయ.

విడిపడిన చేప కాసేపు పక్కకు ఒరిగి అడుగున పడి ఉండవచ్చు. చనిపోయిందని అనుకోకండి. మొప్ప మూత కదులుతోందా అని చూడండి. కదులుతూ ఉంటే వెంటనే ఒక పారదర్శకమైన ప్లాస్టిక్ డబ్బాను నీటిలో ముంచి, చేపను నీటితో సహా అందులోకి తీసుకోండి. వల వాడవద్దు. చేప ఒంటి మీద ఉండే జిగురు పొరే దానికి మొదటి రక్షణ. ఎనిమోన్ ఆ పొరను ఇప్పటికే చీల్చింది, మిగిలినదాన్ని వల దారాలు రాసుకుని తీసేస్తాయి. అలాగని తొట్టి అడుగున వదిలేసినా ప్రమాదమే. పీతలు, నత్తలు, ముళ్లపురుగులు కదలలేని చేపను వెతుక్కుంటూ వస్తాయి.

మంచినీళ్లలో ముంచవద్దు

పరాన్నజీవులు పట్టిన సముద్రపు చేపను కొద్ది నిమిషాలు మంచినీటిలో ముంచి తీయడం ఈ అభిరుచి ఉన్నవారందరికీ తెలిసిన చిట్కా. ఎనిమోన్ కుట్టిన చేపకు మాత్రం ఆ పని చేయకూడదు. ఎందుకో తెలియాలంటే కుట్టు ఎలా పడుతుందో తెలియాలి. ఎనిమోన్ స్పర్శకాల నిండా దంశకణాలు ఉంటాయి. ఒక్కో కణంలో ఒక సూక్ష్మమైన తిత్తి, తిత్తి లోపల చుట్టచుట్టుకున్న దారం. చేప తగిలిన మరుక్షణం, రెప్పపాటుకన్నా ఎన్నో రెట్లు వేగంగా ఆ దారం బయటికి దూసుకొచ్చి చర్మంలో దిగి విషం వదులుతుంది. ఆ విషం నరాల మీద, కండరాల మీద పనిచేస్తుంది, కణాల పొరలను చిల్లులు పొడుస్తుంది. అయితే తగిలిన తిత్తులన్నీ ఒకేసారి పేలవు. ఎనిమోన్ నుంచి ఊడి చేప ఒంటికి అంటుకున్న ముక్కల్లో పేలని తిత్తులు ఇంకా మిగిలే ఉంటాయి. ఉప్పు నీటి నుంచి ఒక్కసారిగా మంచినీటికి మారిస్తే అవి కూడా పేలుతాయి. అంటే చేపను మనమే మళ్లీ కుట్టించినట్టు. గోటితో, దూదితో గీకి ఆ ముక్కలను తీసే ప్రయత్నమూ వద్దు. ఉప్పు నీటిని సిరంజితో మెల్లగా చిమ్మితే రావలసినవి వచ్చేస్తాయి. రానివాటిని అలాగే వదిలేయండి.

లోపలికి వెళ్లిన విషానికి విరుగుడు మందు మన దగ్గర లేదు. దాన్ని చేప శరీరమే వదిలించుకోవాలి. మన పనల్లా ఆ కొద్ది రోజులూ దానికి ఇంకే కష్టమూ రాకుండా చూడడం. కుట్టు తట్టుకుని బయటపడిన చేపలు ఆ తర్వాత చనిపోయేది ఎక్కువగా అమ్మోనియా పేరుకున్న నీటి వల్ల, కంగారుగా ఒకదాని మీద ఒకటి పోసిన మందుల వల్ల. ఈ వ్యాసంలో మీకు ఒక్క విషయమే గుర్తుండేటట్లయితే ఇది గుర్తుంచుకోండి.

దెబ్బ ఎంతదో చూడండి

ఎనిమోన్‌లన్నీ ఒకే బలంతో కుట్టవు. బుడగ కొనల ఎనిమోన్ కుట్టు చాలా చేపలకు మచ్చతో పోతుంది. కార్పెట్ ఎనిమోన్‌లు అలా కాదు. అందులోనూ హడోనీ, జైగాంటియా జాతులు చేపలను పట్టి తినగలవు. స్పర్శకాలు పొట్టిగా, దగ్గరదగ్గరగా ఉండి, తాకితే జిగురులా పట్టేస్తాయి. రాళ్ల సందుల్లో తనంతట తాను మొలిచే ఐప్టేషియా చిన్నదే కానీ నిద్రపోయే చేపను రాత్రిళ్లు కాలుస్తూ ఉంటుంది. ఒకేచోట మళ్లీ మళ్లీ మచ్చలు పడుతుంటే దాన్ని అనుమానించాలి. నెమ్మదిగా ఈదే సముద్రపు గుర్రాలు, మాండరిన్ చేపలు, నేలను అంటిపెట్టుకుని ఉండే గోబీలు ఎక్కువగా బలవుతాయి.

డబ్బాలో ఉన్న చేపను పక్కనుంచి, మామూలు వెలుతురులో చూడండి. ఊదా, పసుపు రంగుల రాయల్ గ్రామా కుట్టు తిన్నదనుకుందాం. మొదటి గంటల్లో దాని ఊదారంగు పక్క మీద స్పర్శకాలు తగిలిన దారి వెంట బూడిద రంగు గీతలు కనిపిస్తాయి. ఒక వైపే ఉంటాయి, ఒకదాని పక్కన ఒకటిగా ఉంటాయి. మరునాటికి ఆ గీతల అంచులు లేచి, పలుచని తెల్లని పొరలుగా వేలాడుతూ, చేప ఊపిరి తీసినప్పుడల్లా అల్లాడుతుంటాయి. దాన్ని చూసి బూజు పట్టిందనుకుని మందుకు పరుగెత్తేవారు చాలామంది. అది బూజు కాదు, చచ్చిన చర్మం. సముద్రపు చేపలకు దూదిలాంటి బూజు పట్టడం మంచినీటి చేపలతో పోలిస్తే చాలా అరుదు. ఆ పొర ఊడిపోయాక కింద గులాబీ రంగులోనో లేత రంగులోనో నున్నని చర్మం కనిపిస్తే గాయం మానుతున్నట్టే.

మరో మూడు సంగతులు రాసిపెట్టుకోండి. పావు నిమిషంలో మొప్ప మూత ఎన్నిసార్లు కదిలింది? అదే జాతి ఆరోగ్యమైన చేపతో పోల్చితేనే ఆ లెక్కకు అర్థం ఉంటుంది. కళ్లు తేటగా ఉన్నాయా, మసకబారాయా? రెక్కలు మొదలు దాకా కాలాయా, అంచులే పోయాయా? మొదలు మిగిలి ఉన్న రెక్క తిరిగి పెరుగుతుంది. రోజూ ఒకే వైపు నుంచి ఒక ఫోటో తీయండి. గాయం పెరుగుతోందా, తగ్గుతోందా అన్నది జ్ఞాపకం మీద ఆధారపడి చెప్పలేం, ఫోటోలు పక్కపక్కన పెట్టి చూస్తేనే తెలుస్తుంది.

ఎక్కడ ఉంచాలి

ఊపిరి నిదానంగా ఉండి, గాయం పైపైనే ఉంటే చేపను అసలు తొట్టిలోనే, రంధ్రాలున్న ప్లాస్టిక్ పెట్టెలో వేలాడదీసి ఉంచడం నా దృష్టిలో అన్నిటికన్నా మంచి పద్ధతి. వ్యర్థాలను అరిగించే బ్యాక్టీరియా బాగా కుదురుకున్న పాత తొట్టి నీరు నిలకడగా ఉంటుంది, చేప ఇంకోసారి చోటు మారనక్కర్లేదు, ఇతర చేపలు దాన్ని పొడవలేవు. పెట్టెలో చిన్న పీవీసీ గొట్టం ముక్క ఒకటి వేయండి. దాక్కునే చోటు లేని చేపకు కుదురు ఉండదు. ఎనిమోన్‌కు దూరంగా, నీటి కదలిక ఉన్న మూలలో పెట్టెను తగిలించాలి.

గాయం లోతుగా ఉంటే, ఎర్రని చారలు కనిపిస్తే, మందు వాడవలసి వచ్చేలా ఉంటే మాత్రం వేరే చికిత్స తొట్టి కావాలి. పెద్దది అక్కర్లేదు. అరచేయంత చేపకు 40 లీటర్ల గాజు తొట్టి సరిపోతుంది. అడుగున ఇసుక, రాళ్లు వద్దు. రెండు పీవీసీ గొట్టాలు, స్పాంజి ఫిల్టర్, గాలిరాయి, చలికాలమైతే హీటర్ చాలు. మొదటి నీళ్లు మొత్తం అసలు తొట్టి నుంచే తీసుకోండి. దీపం వెలిగించకండి, మూడు వైపులా కాగితం అంటించండి. మూత తప్పనిసరి, బెదిరిన చేప బయటికి దూకుతుంది.

ఎనిమోన్ పంపులోకి వెళ్లి ముక్కలైపోయిన సందర్భం వేరు. అప్పుడు దంశకణాలూ విషమూ తొట్టి అంతటా పరుచుకుంటాయి. అసలు తొట్టిలో ఏ చేపకూ క్షేమం ఉండదు. ముక్కలను వెంటనే ఏరేసి, పెద్ద మొత్తంలో నీరు మార్చి, ఫిల్టర్‌లో నీటిలో కలిసినవాటిని పీల్చుకునే తాజా యాక్టివేటెడ్ కార్బన్ వేసి, దెబ్బతిన్న చేపను అప్పటికే కలిపి ఉంచిన శుభ్రమైన ఉప్పు నీటిలోకి మార్చాలి.

నీళ్లే మందు

సముద్రపు చేప చుట్టూ ఉన్న నీరు దాని రక్తంకన్నా ఉప్పన. అందుకే దాని ఒంట్లోని నీరు చర్మం గుండా, మొప్పల గుండా ఎప్పుడూ బయటికి పోతూ ఉంటుంది. అది సముద్రపు నీరు తాగుతూ, అదనపు ఉప్పును మొప్పల ద్వారా వదిలేస్తూ ఆ లోటు పూడ్చుకుంటుంది. చర్మం కాలిపోయిన చోట ఆ నీరు ఇంకా వేగంగా పోతుంది. చుట్టూ నీళ్లే ఉన్నా చేప ఎండిపోతుంది. అందువల్ల చికిత్స తొట్టిలో ఉప్పు శాతాన్ని కొంచెం తగ్గించడం వల్ల దాని శ్రమ తగ్గుతుంది. మామూలుగా సాంద్రత 1.025 ఉంటుంది కదా, దాన్ని ఒకటి రెండు రోజుల మీద 1.020కి తీసుకురండి. ఒకేసారి కాదు, మార్చే నీటితోపాటు కొద్దికొద్దిగా. ఈ పని పగడాలు, ఎనిమోన్‌లు ఉన్న అసలు తొట్టిలో చేయకూడదు, అవి తట్టుకోలేవు. తిరిగి పెంచేటప్పుడు ఇంకా నిదానం కావాలి. రోజుకు 0.001 నుంచి 0.002 మించవద్దు.

కొత్త తొట్టిలో వ్యర్థాలను అరిగించే బ్యాక్టీరియా ఉండదు కాబట్టి అమ్మోనియా పేరుకుంటుంది. సముద్రపు నీటి పీహెచ్ 8.1 నుంచి 8.4 వరకు ఉంటుంది. పీహెచ్ ఎక్కువయ్యేకొద్దీ అమ్మోనియాలో విషపూరితమైన భాగం పెరుగుతుంది. మంచినీటి తొట్టిలో చెల్లిపోయే మోతాదు ఇక్కడ మొప్పలను కాలుస్తుంది. పరీక్ష కిట్‌తో రోజూ చూడండి. సున్నా కాకపోతే నీరు మార్చాల్సిందే. మొదటి వారం రోజూ నాలుగో వంతు మార్చడం మంచి అలవాటు. అసలు తొట్టి ఫిల్టర్‌లో ముందునుంచే ఒక స్పాంజి ఉంచే అలవాటున్నవారు దాన్ని ఇక్కడికి మారిస్తే ఈ కష్టం చాలావరకు తీరుతుంది.

మార్చే నీటిని ఆర్వో నీటితో, సముద్ర అక్వేరియాల కోసం అమ్మే ఉప్పుతో ఒక రోజు ముందే కలిపి, చిన్న పంపుతో తిప్పుతూ ఉంచండి. పది లీటర్లకు దాదాపు 350 నుంచి 370 గ్రాములు పడుతుంది, రకాన్ని బట్టి మారుతుంది కాబట్టి ఉప్పు శాతం చూపే రిఫ్రాక్టోమీటర్‌తో కొలవాలి. వంట ఉప్పు పనికిరాదు, అందులో కాల్షియం, మెగ్నీషియం వంటివి ఉండవు. విశాఖలోనో కాకినాడలోనో ఉన్నవారికి సముద్రం దగ్గరే కదా అనిపించవచ్చు. ఆరోగ్యమైన చేపల సంగతి ఎలా ఉన్నా, పచ్చి గాయంతో ఉన్న చేపకు తీరం నీళ్లు పోయకండి. ఓడరేవు, కాలువల దగ్గరి నీటిలో, వానల తర్వాతి నీటిలో ఏమేం కలిసి ఉంటాయో మన చేతిలో లేదు.

వేడి 25, 26 డిగ్రీల దగ్గర నిలకడగా ఉండాలి. గాయం త్వరగా మానాలని 29, 30 దాకా పెంచేవారున్నారు. నీరు వేడెక్కేకొద్దీ అందులో ప్రాణవాయువు తగ్గుతుంది, అసలే ఆయాసపడుతున్న చేపకు అది అన్యాయం. ఎండాకాలంలో మన ఇళ్లలో సమస్య తలకిందులవుతుంది. నీటిని చల్లబరిచే చిల్లర్ యంత్రం లేకపోతే నీటి మీదికి చిన్న ఫ్యాను తిప్పితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. అయితే నీరు ఆవిరై ఉప్పు శాతం పెరుగుతుంది కాబట్టి తగ్గిన మేరకు ఉప్పు లేని ఆర్వో నీటిని పొద్దునా సాయంత్రం పోయాలి. కరెంటు పోయినప్పుడు పనిచేసే బ్యాటరీ గాలి పంపు ఒకటి సిద్ధంగా ఉంచుకోండి.

తిండి

మొదటి రోజు ఏమీ పెట్టకండి. తినని తిండి కుళ్లి అమ్మోనియా అవుతుంది, అంతే. రెండో రోజు నుంచి చాలా కొద్దిగా, రోజుకు మూడు నాలుగుసార్లు పెట్టండి. గడ్డకట్టించిన మైసిస్ (చిన్న రొయ్యలాంటి జీవి), సన్నగా తరిగిన ఉప్పు లేని పచ్చి రొయ్య బాగుంటాయి. నోరు తెరవని చేపకు బతికున్న ఆర్టీమియా (రొయ్యలాంటి చిన్న ఉప్పునీటి జీవి) పిల్లలు చూపించాలి. కదిలే ఆహారాన్ని చూసి వేటాడే బుద్ధి పుడుతుంది. ఆర్టీమియా గుడ్లను 28 డిగ్రీల ఉప్పు నీటిలో గాలి కొడుతూ ఉంచితే దాదాపు ఒక రోజులో పొదుగుతాయి. కోస్తా జిల్లాల రొయ్య హేచరీలలో ఇది రోజువారీ పని, అటువైపు ఉన్నవారికి మంచి గుడ్లు దొరకడం కష్టం కాదు. పావుగంట తర్వాత మిగిలిన తిండిని సిరంజితో లాగేయండి. రెండు మూడు రోజులు తినకపోయినా మామూలుగా ఉన్న చేపకు ప్రాణానికి ముప్పు లేదు. వారమైనా ముట్టకపోతే మాత్రం ఆలోచించాలి.

మందు ఎప్పుడు

గాయం అంచులు రోజురోజుకూ విస్తరిస్తుంటే, చుట్టూ ఎర్రబడుతుంటే, రెక్కల మొదళ్లలో రక్తపు చారలు కనిపిస్తే, కన్ను ఉబ్బితే బ్యాక్టీరియా చేరిందని అర్థం. సముద్రపు చేపల గాయాల్లో ఎక్కువగా కనిపించేది విబ్రియో. ఆంధ్రలో రొయ్యల సాగు చేసేవారికి ఈ పేరు కొత్త కాదు, దాని దెబ్బకు చెరువులే ఖాళీ అవుతాయి. ఆ అనుభవం మీకు పనికొస్తుంది. భీమవరం వంటి ఆక్వా పట్టణాల్లోని ప్రయోగశాలల వారు, నెల్లూరు జిల్లా ముత్తుకూరులోని మత్స్య శాస్త్ర కళాశాల వంటి చోట్ల చదువుకున్న నిపుణులు, జలచరాల వైద్యం తెలిసిన పశువైద్యులు అక్వేరియం దుకాణం సలహాకన్నా నమ్మదగినవారు. ఫోటోలు, నీటి పరీక్షల లెక్కలు చేతిలో పెట్టుకుని అడగండి.

సొంతంగా మనుషుల క్యాప్సూల్ విప్పి తొట్టిలో కలపడం వద్దు. ఉదాహరణకు టెట్రాసైక్లిన్ రకం మందులు సముద్రపు నీటిలోని కాల్షియం, మెగ్నీషియంతో కలిసిపోయి చాలావరకు పనికిరాకుండా పోతాయి. చేపకు చేరేది తక్కువ, ఫిల్టర్ బ్యాక్టీరియాకు నష్టం మాత్రం జరుగుతుంది. వైద్యుడు మందు రాస్తే తొట్టి మీద రాసి ఉన్న లీటర్లను కాకుండా నిజంగా ఉన్న నీటిని కొలిచి మోతాదు లెక్కించండి, కార్బన్ తీసేయండి, గాలి రెట్టింపు చేయండి, బాగుందనిపించినా చెప్పినన్ని రోజులు వాడండి. నీలి రంగు మందు మిథిలీన్ బ్లూ కూడా ఫిల్టర్ బ్యాక్టీరియాను చంపుతుందని మరవకండి. రాగి మందు పరాన్నజీవులకే, ఈ గాయానికి దానితో పనిలేదు.

పరాన్నజీవుల మాట వచ్చింది కాబట్టి, నీరసించిన చేపకు తెల్లచుక్కల జబ్బు రావడం మామూలే. కుట్టు మచ్చలు ఒక వైపు వరుసగా ఉంటాయి. జబ్బు చుక్కలు ఉప్పు రవ్వల్లా ఒళ్లంతా, రెక్కల మీద కూడా చెదిరి ఉంటాయి. రెండోది కనిపిస్తే అది వేరే చికిత్స, అసలు తొట్టికి తిరిగి పంపకూడదు.

ఈ రోజులన్నీ మీ చేతుల సంగతీ చూసుకోండి. చేతి మీద కోత ఉంటే తొడుగు లేకుండా నీటిలో పెట్టకండి. అక్వేరియం నీటి నుంచి మనుషుల చర్మానికి సోకే మొండి బ్యాక్టీరియా ఉన్నాయి. కార్పెట్ ఎనిమోన్‌ను ముట్టుకున్న తొడుగుతో కళ్లు తుడుచుకోవద్దు.

ఇక కోలుకోదని తేలినప్పుడు

చేప నిలబడలేక, ఊపిరి అందక, చర్మం పెద్దమొత్తంలో పోయి బాధపడుతుంటే దాన్ని అలా వదిలేయడం న్యాయం కాదు. లవంగ నూనెను గోరువెచ్చని నీటి సీసాలో వేసి తెల్లగా కలిసేదాకా గిలకొట్టి, చేప ఉన్న చిన్న పాత్రలో కొద్దికొద్దిగా పోయండి. ముందు మత్తులోకి జారుతుంది. ఆ తర్వాత లీటరుకు 0.4 మి.లీ. నూనె అయ్యేదాకా పోసి, మొప్పలు ఆగిపోయాక కూడా కనీసం అరగంట అలాగే ఉంచాలి. ఫ్రీజర్‌లో పెట్టడం, బతికుండగా కాలువలో పారేయడం చేయకండి.

తిరిగి ఇంటికి

చేపల పైచర్మం చాలా త్వరగా కమ్ముకుంటుంది, పక్కనున్న కణాలు జరిగి వచ్చి గాయాన్ని మూసేస్తాయి. అందువల్ల పైపై గాయాలు కొద్ది రోజుల్లోనే మూసుకుంటాయి. పొలుసులు, రెక్కలు, రంగు రావడానికి వారాలు పడుతుంది. రంగు పూర్తిగా రాకపోయినా ఫరవాలేదు. పచ్చిదనం పోయి, వరుసగా వారంపాటు బాగా తిని, ఉప్పు శాతం అసలు తొట్టితో సమానమైనప్పుడు వెనక్కి పంపవచ్చు.

అంతకుముందే తొట్టిలో ఒక పని పూర్తికావాలి. అసలు ఆ చేప ఎనిమోన్ మీద ఎందుకు పడింది? రాత్రి ప్రవాహం తోసిందా, పెద్ద చేప తరిమిందా, ఎనిమోనే చోటు మార్చుకుని చేప నిద్రపోయే సందు పక్కకు వచ్చిందా? కారణం అలాగే ఉంటే చికిత్స అంతా వృథా. పంపు మూతులకు స్పాంజి గానీ జాలీ గానీ తొడగండి, ప్రవాహం దిశ మార్చండి, తరిమే చేపను వేరు చేయండి. చిన్న తొట్టిలో హడోనీ కార్పెట్‌ను, నేలమీద తిరిగే గోబీలను కలిపి ఉంచడం ఏ ఏర్పాటుతోనూ కుదరదు. రెండింటిలో ఒకటి వేరే తొట్టికి, లేదా సరైన వసతి ఉన్న మరొకరికి వెళ్లాలి. ఎనిమోన్‌లోనే కాపురముండే క్లౌన్ చేప అయినా సరే, కొత్త ఎనిమోన్‌కు మెల్లగా తాకుతూ అలవాటు పడాలి, దాన్ని డబ్బాతో తెచ్చి స్పర్శకాల మధ్యలో వదలకండి.

దీపాలు ఆర్పిన తర్వాత, మిగతా చేపలకు కడుపునిండా పెట్టి, అదే ప్లాస్టిక్ డబ్బాతో చేపను ఎనిమోన్‌కు ఎదురు మూలలో వదలండి. రాళ్లలో రెండు మూడు కొత్త సందులు ముందే అమర్చి ఉంటే పాత చేపలకు హద్దులు మారి కొత్తగా తిరిగొచ్చినదాన్ని అంతగా పట్టించుకోవు. మొదటి పది రోజులూ తిండిని ఆ మూలలోనే వేస్తూ ఉండండి.